ఓడ మీద మంచం పంచాయితీ

రండి, దగ్గరికి జరగండి. ఆ వెనక పత్తి ధర మీద కొట్లాడుకునేవాళ్లు కాసేపు ఆపండి, పత్తి ఎక్కడికీ పారిపోదు. పిల్ల ఏడిస్తే నోట్లో బెల్లం ముక్క పెట్టండి. ఫోన్లు బోర్లించండి. ఈ వారం చెప్పేది కోపం కథ. మధ్యలో ఎవరైనా ముచ్చట పెట్టారంటే దీని వేడి దిగిపోతుంది, మళ్లీ పొయ్యి మీద పెట్టడం నా వల్ల కాదు.

ఎక్కడ ఆపాం? ఓడ మీద కదా. జమ్మికుంట పరశురాములు దుబాయ్ రేవులో ఓడల పొట్టకు పట్టిన తుప్పు గోకీ గోకీ సగం ఆయుష్షు గడిపినవాడు. తను గోకి రంగేసిన ఓడను ఒక్కసారైనా లోపలికెక్కి చూడాలని ఆయన ఆశ. మేనేజరు దయ తలిచి సగం ధరకే టికెట్లు ఇప్పించాడు. దాంతో భార్య బాలలక్ష్మినీ, ముగ్గురు పిల్లలనూ విజిట్ వీసాల మీద రప్పించి సముద్ర విహారానికి ఎక్కించాడు. పెద్దది ప్రవళిక, కరీంనగర్‌లో డిగ్రీ ఆఖరు ఏడు. నడిపివాడు సాగర్, ఇంటర్ అయిపోయింది, అగ్రికల్చర్ కాలేజీలో సీటొచ్చింది, ఊరికి తిరిగి వెళ్లగానే చేరాలి. చిన్నది నవనీత, పదో తరగతి. చెవుల్లో ఇయర్‌ఫోన్లతోనే పుట్టిందని మంత్రసాని ఇప్పటికీ ఒట్టేసి చెబుతుంది.

ఓడ చిన్నదనుకోకండి. ఈ కొసన ఈనిన బర్రె దూడ వెంట ఆ కొసకు నడిచేసరికి దూడకు కొమ్ములొస్తాయి. అంత ఓడలో మన బియ్యప్పిండి సకినాలు మాత్రం దొరకవు. అందుకే పోయిన వారం కథ చివర ప్రవళిక, సకినాల డబ్బా అనుకుని తల్లి మంచం కిందున్న అట్టడబ్బాను బయటికి గుంజి నైలాన్ తాడు కోసింది. ఓడెక్కేటప్పుడు కావలివాళ్లు ఆ డబ్బాను ఆపితే, బాలలక్ష్మి దాని మీద కూర్చుని లేవనంది. ఆమెను లేపడం కంటే ఓడను ఒడ్డుకు ఎత్తిపెట్టడం సులువని వాళ్లే వదిలేశారు. ఆ డబ్బాలో సకినాలు లేవు. పైన ఒక మందపాటి చద్దరు. దాని కింద లుంగీలు, బీడీ కట్టలు, వెల్లుల్లి, అదే మన ఎల్లిగడ్డ, దట్టించిన మామిడికాయ తొక్కు బిందె అంత జాడీలో. అన్నిటికీ అడుగున ఇనుప మూతి ఉన్న కొత్త బూట్లు. తొమ్మిదో నంబరు. ఆ ఇంట్లో తొమ్మిదో నంబరు కాలు ఒక్కడిదే, సాగర్‌ది.

మా జమ్మికుంటలో పాలు తాగే పిల్లకు కూడా తెలుసు. విహారానికి పోయేవాడు సబ్బు పెట్టుకుంటాడు. గల్ఫుకు పోయేవాడు చద్దరు పెట్టుకుంటాడు.

డబ్బా మూత తిప్పి చూసింది ప్రవళిక. లోపలి వైపు నల్ల రంగుతో పెద్ద పెద్ద అక్షరాల్లో సాగర్ పేరు, తండ్రి పేరు, దుబాయ్ కూలీల క్యాంపు పేరు రాసి ఉన్నాయి. బూట్లు మళ్లీ లోపల పడేసి, తాడు ముడేసి, డబ్బాను ఈడ్చుకుంటూ బయల్దేరింది. ఆ పిల్ల కోపానికి లిఫ్టు, ఎవరూ బటన్ నొక్కకుండానే, పై అంతస్తుకు ఎక్కిపోయింది.

పైన వెనక భాగంలో, ఆరుబయట భోజనాలు. మిట్టమధ్యాహ్నం. పరశురాములు ముందు అన్నం గుట్ట, పక్కన బాలలక్ష్మి, ఎదురుగా నవనీత. వాళ్ల బల్ల దగ్గరికే కుర్చీ జరుపుకొని ఓంప్రకాశ్ సేటు. ఈయన మన జమ్మికుంట మార్కెట్ యార్డులో కమీషన్ మీద పత్తి కొనిపించే అడ్తిదారు. ప్యాకేజీ టూరులో వచ్చి, ఓడలో ఊరివాళ్లు కనబడగానే జిగురులా అతుక్కున్నాడు. ఎదుట ఏది కనబడినా, మనిషైనా సరే, పత్తి బస్తాలాగే చూస్తాడు.

ప్రవళిక డబ్బాను బల్ల పక్కన దబ్బున పెట్టి, లోపలి నుంచి బూటు తీసి తండ్రి పళ్లెం పక్కన నిలబెట్టింది.

"అవ్వా, గీ బూట్లు ఎవరియి?"

బాలలక్ష్మి నములుతున్న బుక్క బుగ్గలోనే ఆగిపోయింది. "మీ బాపుయి."

"బాపు కాలు ఏడు."

"అయితేంది? రెండు మూడు జతల సాక్సులు తొడుక్కుంటడు."

"గీ ఎండల? సాక్సులు తొడుక్కుంటడా, గోనెసంచులు తొడుక్కుంటడా?"

"పరశన్నా," అన్నాడు సేటు పెరుగు కలుపుకుంటూ, "పెద్ద బిడ్డ బాగ వేడి మీదున్నది. తేమ శాతం అస్సలు లేదు."

"నువ్వు జర ఊకో సేటూ," అన్నాడు పరశురాములు. కూతురి వైపు తిరిగి గొంతు తగ్గించాడు. "బిడ్డా, కూసో. నలుగురు చూస్తున్నరు. గదిలకు పోయి మాట్లాడుకుందాం."

"చూడనియ్యి. దాచిపెట్టింది నేనా?" ప్రవళిక కూర్చోలేదు. ఆమె సెగకు నవనీత ముందున్న ఐస్‌క్రీం కప్పు మొదట కరిగి పాలయింది, తర్వాత ఆ పాలు కాగాయి, పొంగడానికి సిద్ధంగా ఉన్నాయి. "ఎండకాలమంత తమ్మునికి గంజి వంపుడు నేర్పినవు అవ్వా. పప్పు గిట్ల ఎయ్యి, కాలరు గట్ల రుద్దు అన్నవు. ఇల్లరికం పంపుతున్నవా అని నేను పడి పడి నవ్విన. నవ్విన నోటిని ఇప్పుడు నేనే కొట్టుకోవాలె. ఎల్లెటప్పుడు ఐలవ్వ పెద్దమ్మ నా నెత్తి మీద చెయ్యి పెట్టింది, తమ్మున్ని మాత్రం పట్టుకొని ఏడ్చింది. ఓడ చూడపోయేటోన్ని పట్టుకొని ఎవరన్న ఏడుస్తరా? గప్పుడు గూడ నాకు తట్టలే."

"మెల్లగ మాట్లాడు," అంది బాలలక్ష్మి.

"నీ మీదనే ఎక్కువ కోపం నాకు. బాపు దూరముంటడు, ఆయనకు మేం ఫోన్ల బొమ్మలం. నువ్వు మాతోనే పండుకుంటివి, మాతోనే తింటివి. ఒక్క మాట నోట్లెకెళ్లి రాలేదు!"

బాలలక్ష్మి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఏడవడానికి కాదు. నోరు తెరిస్తే ఏమంటుందో ఆమెకే తెలియదు.

పరశురాములు చెయ్యి కడుక్కోకుండానే పంచె అంచుకు తుడుచుకున్నాడు.

"నేను చెప్త. రేపు పొద్దుగాల ఓడ మళ్ల దుబాయ్ రేవుకు వస్తది. గేటు కాడ కంపెనీ మనిషి నిలబడుతడు. సాగర్‌ని తోల్కపోతడు. మీరు ముగ్గురు ఊరికి పోతరు. నేను జర పని నేర్పిచ్చి, వెనుకసీరి వస్త. నా మోకాళ్లు అయిపోయినయ్ బిడ్డా. ఇగ నిన్ను పనిల ఉంచుకోము అని కంపెనీ చెప్పింది. నేను ఎల్లేలోపట కొడుకును పెడితే నా జాగ మనకే ఉంటది. లేకుంటే ఇంకొకడు వచ్చి పడుకుంటడు."

"పడుకోనియ్యి."

"పడుకోనియ్యాల్నా?" పరశురాములు గొంతు లేచింది. "ఏమనుకుంటున్నవ్? గా క్యాంపుల వచ్చిన కొత్తల నాది పై మంచం. ఫ్యాను నెత్తికి తాకుతది, లేస్తే రేకు తాకుతది. పై మంచం మీదికెళ్లి కింది మంచానికి దిగనీకె నాకు ఎంత కాలం పట్టిందో ఎరుకేనా? కింది మంచమాయె, గండ్ల గూడ కిటికీ పక్కపొంటి. కొత్త పోరలు దాని దిక్కు చూసి గుటకలు మింగుతరు. ఊళ్లె బాపులు కొడుకులకు ఏమిస్తరు? ఒకడు పొలమిస్తడు, ఒకడు దుకాణమిస్తడు. నాకేమున్నదే ఇయ్యనీకె? గా మంచమున్నది. నా కొడుక్కు పై మంచం తిప్పలు లేకుంట కింది మంచం ఇస్తున్న. తప్పా?"

నిజం చెప్పాలంటే అక్కడ గాలి కూడా కాసేపు నిలబడి ఆలోచించింది. గల్ఫు క్యాంపులో కిటికీ పక్క కింది మంచం అంటే మాగాణి కిందే లెక్క. దాని కోసం పెళ్లిళ్లు కుదిరిన ఇళ్లు ఉన్నాయి.

ప్రవళిక మాత్రం నిలబడలేదు.

"పొలమైతే పంట పండుతది బాపూ. గా మంచం మీద ఏం పండుతది? మనిషే ఎండుతడు."

పరశురాములు అరచేత్తో బల్ల చరిచాడు. ఆ దెబ్బకు పళ్లేలు ఎగిరి, ఒకరి కూర ఒకరి పళ్లెంలో పడింది.

"నా ఎండుడు తినే నువ్వు డిగ్రీ చదివినవ్!"

చుట్టుపక్కల బల్లల మీద చెంచాలు ఆగాయి. భాష తెలియనివాళ్లకు కూడా ఆ మాట అర్థమైంది. ప్రవళిక మొహంలో రంగు పోయింది, మళ్లీ రెండింతలై తిరిగొచ్చింది.

"అవును, తిన్న. గొంతుల ముల్లు లెక్క అడ్డం పడుతనే ఉన్నది. ఇప్పుడు తమ్ముని ఎండుడు చెల్లెకు తినిపిస్తవా?"

"నన్నెందుకు మధ్యలకు తెస్తున్నవ్ అక్కా?" అంది నవనీత ఫోను మీది నుంచి కళ్లెత్తకుండా.

"నీ ముచ్చటనే! చిన్నప్పుడు బాపు సెలవు మీద ఇంటికొస్తే నువ్వు తలుపు సగమే తీసి ఏమన్నవ్? 'అవ్వా, ఎవరో అంకుల్ వచ్చిండు' అన్నవ్. గా రోజు బాపు అరుగు మీద సూట్‌కేసు పట్టుకొని నిలబడ్డడు. లోపలికి రమ్మని ఎవరు చెప్తరా అని చూసిండు. సొంత ఇంటికి! రేపు సాగర్ గూడ గట్లనే నిలబడాల్నా?"

ఆ అరుగు పరశురాములుకు గుర్తుంది.

"కాంటా ముల్లు దిగింది," అని లేచాడు సేటు. పత్తిలో తెలుపు, పసుపు ఎంచినట్టు ఇద్దరి మొహాలూ చూసి, "నాణ్యమైన కొట్లాట. పోయి జర జిలేబి పట్టుకొస్త, ఆపకుండ్రి," అని వెళ్లాడు.

సరిగ్గా అప్పుడే వచ్చాడు సాగర్. నీళ్ల జారుడుబండ మీద జారీ జారీ, తడి నిక్కరుతో, మెడలో తువ్వాలతో, నవ్వుకుంటూ వచ్చాడు. పళ్లెం పక్కన బూటు కనబడింది. తన పేరున్న డబ్బా మూత కనబడింది. నవ్వు ఇంకా మొహం మీద ఉండగానే కళ్లు ఆరిపోయాయి.

"సాగర్, నువ్వే చెప్పు," అంది ప్రవళిక. "నేను పోను అని చెప్పు. వ్యవసాయం చదువుత అని చెప్పు. చెప్పు తమ్మీ!"

"కొడుకా, గామె మాటలు వినకు," అన్నాడు పరశురాములు. "కింది మంచం కొడుకా. వచ్చిన నాడే కింది మంచం! గట్ల ఎవ్వనికీ దొర్కదు."

సాగర్ బూటు చేతిలోకి తీసుకున్నాడు. కాలి పక్కన పెట్టి చూసుకున్నాడు. అచ్చు సరిపోయింది. దాంతో వాడికి మరీ మండింది.

"అవ్వకు ఎరుక," అన్నాడు మెల్లగా. "ఐలవ్వ పెద్దమ్మకు ఎరుక. కంపెనీ మనిషికి ఎరుక. గీ బూట్లు అమ్మినోనికి గూడ ఎరుక. నా కాళ్లకు ఒక్కటే తెల్వదు."

"గందుకే గద నేను కొట్లాడుతున్న," అంది ప్రవళిక.

"నువ్వు?" సాగర్ ఆమె వైపు తిరిగాడు. ఇంట్లో ఎవరికీ ఎదురు సమాధానం చెప్పని పిల్లవాడు వాడు. నోట్లో వేలు పెట్టినా కొరకడని ఊళ్లో పేరు. "నువ్వు నా దిక్కున కొట్లాడుతున్నవా అక్కా? అగ్రికల్చర్ ఫారం ఎవరు నింపిండ్రు? నేనింక అన్నం తినుకుంట కూసున్న, నువ్వు ఫోన్ల నింపి, సంతకం పెట్టు అన్నవ్. బాపు మంచం ఇస్తడు, నువ్వు సీటు ఇస్తవ్. ఇద్దరు కల్సి నన్ను బస్తా లెక్క ఒకలు నెత్తి పట్టిండ్రు, ఒకలు కాళ్లు పట్టిండ్రు. సాగర్, నీకేం కావాలెరా అని గీ ఇంట్ల ఒక్కలన్న, ఒక్కసారన్న అడిగిండ్రా?"

ఎవరూ అడగలేదు మరి.

"సరే, ఇప్పుడు అడుగుతున్న," అన్నాడు పరశురాములు గొంతు సవరించుకొని. "ఏం కావాలె కొడుకా?"

"ఇప్పుడా? గేటు కాడ మనిషిని నిలబెట్టినంక అడుగుతున్నవా?" వాడు బూటును నేలకేసి కొట్టాడు. ఆ చప్పుడుకు ఓడ అడుగున పడుకున్న తిమింగలం కూడా తలకాయ ఎత్తి ఎవరని అడిగిందట. "ఇప్పుడు చెప్ప. రేపు గేటు కాడ గాదు, ఇగ గీ ఓడల గూడ నేను మీకు దొర్క. ఎవ్వలకూ దొర్క!"

తువ్వాల గుంజి పారేసి, తడి కాళ్లతో మెట్ల వైపు ఉరికాడు. బాలలక్ష్మి "సాగరూ!" అని లేచింది, కుర్చీకి కొంగు చిక్కుకొని మళ్లీ కూలబడింది.

పరశురాములు కిందికి వంగాడు. కొడుకు వెంట పోవడానికి అనుకుంది ప్రవళిక. కాదు. ఆయన బూటు ఏరుకుని, దుమ్ము దులిపి, డబ్బాలో పెట్టాడు. తాడు చుట్టడం మొదలుపెట్టాడు.

"పిలగాడు కాసేపటికి సల్లబడుతడు," అన్నాడు ఆమె వైపు చూడకుండా. "డబ్బా గదిల పెట్టుర్రి. పొద్దుగాల దీనితోని పని ఉన్నది."

ఇదీ ఆయన చేసిన తప్పు. అరిచి ఉంటే సరిపోయేది. తిట్టి ఉన్నా సరిపోయేది. తాడు చుట్టాడు.

ప్రవళిక డబ్బా కింద చేతులు పెట్టింది. యార్డులో మేనమామతో కలిసి పత్తి బోరాలు ఎత్తిన చేతులవి. ఎత్తి, ఒక్క ఊపులో ఓడ అంచు కటకటాల పైకి చేర్చింది.

"ఏయ్! ఇడిసిపెట్టు!" పరశురాములు తాడు పట్టుకున్నాడు.

"నువ్వు ఇడువు!"

"గండ్ల మీ అవ్వ చేతి తొక్కు ఉన్నదే!"

"తొక్కుతోనే పోనీ!"

ఆయన ఇటు గుంజాడు, ఆమె అటు తోసింది. తండ్రికి మోకాళ్లు లేవు, కూతురికి ఆగడం లేదు. పాపం ఆ తాడు మాత్రం ఎంతకని ఓర్చుకుంటుంది! ఫట్టున తెగింది. పరశురాములు తాడు ముక్కతో వెనక్కి పడ్డాడు. డబ్బా గాలిలో పల్టీ కొట్టింది. చద్దరు చేతులు చాపినట్టు విప్పుకుంది. లుంగీలు ఎగిరాయి. చివరికి జాడీ, అట్ట, బూట్లు అన్నీ కలిసి ఎక్కడో కింద నీళ్లలో ధబేలుమన్నాయి.

ప్రవళిక కటకటాలు పట్టుకొని వగరుస్తూ నిలబడింది. వెనక నుంచి బాలలక్ష్మి గొంతు వినిపించింది, ఆ పూటంతా మూసుకున్న నోరు అప్పుడు తెరుచుకుంది.

"పారేసినవా? మంచిగయింది! ఇద్దరికీ మంచిగయింది! నా తొక్కు సముద్రంల, నా కొడుకు ఏడనో! తుప్పు గోకి గోకి మీ బాపు మనసుకు తుప్పు పట్టింది, చదివి చదివి నీ నోటికి పదును పట్టింది. పోయి పిలగాన్ని ఎవరన్న చూస్తరా, ఇంక పంచాయితే పెడ్తరా?"

ఆమె మాట పూర్తి కాకముందే, ఓడ అవతలి పక్క నుంచి మళ్లీ ఇంకొక చప్పుడు. ధబేల్.

దాని వెంటే అరుపులు. కింది అంతస్తులో ఎవరో నావికుడు నీళ్ల వైపు వేలు చూపిస్తూ గావుకేక పెట్టాడు. ఓడ వెనక నీళ్లలో చద్దరు మనిషిలా వెల్లకిలా తేలుతోంది. దాని చుట్టూ చక్రం తిరుగుతూ, పెద్దదవుతూ, ఎర్రగా, చిక్కగా ఏదో పరుచుకుంటోంది. ఓడ కూత కూసింది. ఎలాంటి కూత? కరీంనగర్ బస్టాండులో పడుకున్న డ్రైవర్లు బండి తీయమన్నారేమోనని లేచి కూర్చునేంత కూత. అంత ఓడా వణికి, మెల్లగా ఆగింది. మనిషి నీళ్లలో పడ్డాడని మైకులో అన్ని భాషల్లో చెప్పారు, తెలుగు ఒక్కటి తప్ప.

చెప్పనక్కర్లేదు. తెలుగువాళ్లకే ముందు అర్థమైంది.

అందరినీ నారింజ రంగు జాకెట్లు తొడుక్కోమని వరసల్లో నిలబెట్టారు. ఒక్కొక్కరి గది కార్డు తీసుకుని యంత్రానికి తాకిస్తున్నారు. పరశురాములు కార్డు కూసింది. బాలలక్ష్మిది కూసింది. ప్రవళికది, నవనీతది కూసాయి. యంత్రం పట్టుకున్న పిల్ల తెర చూసింది, వాళ్ల వెనక చూసింది. ఐదో మనిషి ఏడీ అన్నట్టు వేళ్లు చాపింది.

"వస్తడు," అన్నాడు పరశురాములు తెలుగులోనే. తాడు ముక్క ఇంకా ఆయన చేతికే చుట్టుకుని ఉంది. "నా కొడుకే. ఈత వచ్చు వానికి. వస్తడు, జర ఆగుర్రి."

"అది డబ్బా," అంటోంది ప్రవళిక కనబడిన ప్రతి నావికుడి చెయ్యీ పట్టుకుని. "నేనే తోసిన. మనిషి గాదు, డబ్బా! గది తొక్కు!" వాళ్లు జాలిగా ఆమె భుజం తట్టి ముందుకు పోతున్నారు.

అప్పుడు నవనీత చెవుల్లోంచి ఇయర్‌ఫోన్లు తీసింది. రెండూ తీసింది.

"అక్కా," అంది. "డబ్బా పడ్డది గీ పక్కన. నువ్వు తోసింది ఒక్కటే గద. మరి గా పక్కన రెండోసారి పడ్డదేంది?"

ప్రవళిక గిర్రున అవతలి పక్కకు తిరిగింది. అంతసేపు మండిన కోపం మొత్తం ఒక్కసారిగా కాళ్ల కింద నుంచి నీళ్లలోకి కారిపోయినట్టయింది. బాలలక్ష్మి భర్త చేతిలోని తాడు కొసను ఎప్పుడు పట్టుకుందో, ఇద్దరూ ఆ ముక్కను చెరోవైపు పట్టుకుని సముద్రం వైపు చూస్తున్నారు.

వరసలో వాళ్ల పక్కనే, జిలేబి పళ్లెంతో అప్పుడే వచ్చి చేరిన ఓంప్రకాశ్ సేటు, ఓడ దుకాణంలో కొన్న దుర్భిణి కళ్లకు పెట్టుకుని నీళ్లలోని ఎరుపును పత్తి రకం ఎంచినట్టు చాలాసేపు ఎంచాడు. పెదవి విరిచాడు.

"పడ్డోడు ఎవడో గని, పక్కా మన దిక్కోడే," అన్నాడు. "రక్తంల ఎల్లిగడ్డలు తేలుతున్నయ్."